షోదాన్ టెస్ట్ వచ్చే నెలాఖరుకి – మూడు గంటలు నిలబడటం ఎలా?

బ్రౌన్‌బెల్ట్_అమ్మ (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. నేను షోటోకాన్ శైలి కరాటే నేర్చుకుంటున్నాను, ఇప్పుడు బ్రౌన్ బెల్ట్. వచ్చే నెలాఖరుకి షోదాన్, అంటే మొదటి స్థాయి బ్లాక్ బెల్ట్, టెస్ట్‌కి కూర్చోమని మా మాస్టర్ గారు చెప్పారు. నా వయసు 41. మొదట్లో పాపని క్లాసులో దింపి, అయ్యేదాకా బయట కుర్చీలో కూర్చునేదాన్ని. చూసి చూసి నేనూ చేరాను. పాప ఇప్పుడు గ్రీన్ బెల్ట్.

టెస్ట్ మూడు గంటలకు తగ్గదట. ముందు కిహోన్ (ప్రాథమిక కదలికలు), తర్వాత కటా (ఒంటరిగా ఒక వరుసలో చేసే కదలికల కూర్పు), చివర్లో కుమితే (ఇద్దరు ఎదురెదురుగా తలపడటం). కటాలో నేను ఎంచుకున్నది బస్సాయ్ దాయ్. అది కాక హేయాన్ అనే ఐదు కటాల్లో ఏదో ఒకటి, లేదంటే టెక్కీ షోదాన్ అనే కటా, ఎగ్జామినర్ అక్కడికక్కడ అడుగుతారు. వేరే రాష్ట్రం నుంచి సీనియర్ సెన్సెయ్ (గురువు) వస్తున్నారు, ఆయన ముఖం కూడా మేమెవరం చూడలేదు.

విడివిడిగా అన్నీ వచ్చు. కానీ గంటన్నర దాటాక కాళ్లు నా మాట వినవు. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఆ అలసటలో ఫలానా కటా చెయ్ అంటే బుర్ర ఖాళీ అయిపోతుందేమోనని టెన్షన్. ఆఫీసు, వంట, పాప చదువు అన్నీ అయ్యాక నాకు దొరికేది రాత్రి ఒక గంట, పొద్దున అరగంట. ఈ టైమ్‌ని ఎలా వాడుకోవాలి? టెస్ట్ ఇచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

---

వైజాగ్_వేవ్

అక్కా, కంగ్రాట్స్! మాస్టర్ గారు కూర్చోమన్నారంటేనే సగం అయిపోయినట్టు. నేను పోయినేడాది షోదాన్ పాసయ్యాను, మీలాగే షోటోకాన్.

నా వయసు 24, రోజూ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాణ్ని. అయినా టెస్ట్‌లో కిహోన్ దగ్గరే చుక్కలు కనిపించాయి. పరుగుకి వాడే దమ్ము వేరు, జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి నిలబడే పొడవాటి స్టాన్స్‌లో, కిందకి కూర్చుని ముందుకీ వెనక్కీ నడవడానికి కావాల్సిన దమ్ము వేరు. తొడలు మండిపోతాయి. కాబట్టి స్టామినా కోసం జిమ్‌కి వెళ్లాలా, ట్రెడ్‌మిల్ కొనాలా అని ఆలోచించకండి. ఉన్న టైమంతా స్టాన్స్‌లోనే గడపండి.

---

మాస్టారు_కాకినాడ

అమ్మా, పైన తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను చాలా ఏళ్లుగా పిల్లల్ని, పెద్దవాళ్లని టెస్ట్‌లకి తయారు చేస్తున్నాను, ఎగ్జామినర్ల పక్కన కూర్చుని మార్కులు రాశాను. కాస్త వివరంగా చెబుతాను.

మొదటి అరగంటలో ఎగ్జామినర్‌కి అందరూ ఒకేలా కనిపిస్తారు. బ్రౌన్ బెల్ట్ దాకా వచ్చినవాళ్లకి ఓయ్ జుకి (అడుగు వేస్తూ గుద్దడం), అగే ఉకె (చెయ్యి పైకెత్తి అడ్డుకోవడం) రాకపోవడం ఉండదు కదా. అసలు చూపు ఆ తర్వాత మొదలవుతుంది. అలసిపోయాక ఏది చెడిపోతుందో చూస్తారు. ముందుగా చెడేది స్టాన్స్. అడుగు పొట్టిదవుతుంది, నడుము పైకి లేస్తుంది, వెనక కాలి మడమ నేల వదిలేస్తుంది. ఆ తర్వాత హికితే. వెనక్కి లాగే పిడికిలి నడుము దాకా రాకుండా పక్కటెముకల దగ్గరే ఆగిపోతుంది. మూడోది చూపు, తల వంగి నేలకేసి చూడటం మొదలవుతుంది.

ఇది మీకు మీరే పరీక్షించుకోవచ్చు. ఫోన్‌ని నడుము ఎత్తులో ఏదైనా స్టూల్ మీద పెట్టి, అడ్డంగా నడుస్తూ వీడియో తీసుకోండి. బెల్ట్ ముడిని మాత్రమే చూడండి. అడుగు వేసినప్పుడల్లా ముడి పైకీ కిందకీ ఊగుతుంటే మీరు లేచి కూర్చుంటున్నారన్నమాట. ముడి ఒకే గీత మీద సాగాలి. మా దగ్గర టెస్ట్‌కి వెళ్లే ప్రతివాళ్లకీ ఈ వీడియో తీయిస్తాను. వంద మాటలు చెప్పినా ఎక్కనిది వీడియో చూస్తే ఎక్కుతుంది.

ఇక టైమ్ సంగతి. రాత్రి గంటలో మొదటి సగం కిహోన్‌కే ఇవ్వండి. జెన్‌కుత్సులో ముందు కాలి మీద నూటికి అరవై వంతుల బరువు, కొకుత్సులో (వెనక కాలి మీద కూర్చునే స్టాన్స్) వెనక కాలి మీద డెబ్బై, కిబా దాచిలో (గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడం చేసే స్టాన్స్) సమానం. ఈ లెక్క ఒంట్లోకి దిగాలి. కాంబినేషన్లలో షుతో ఉకె (తెరిచిన అరచేతి అంచుతో అడ్డు), కిజామి మే గేరి (ముందు కాలితో ముందుకు తన్ను), నుకితే (వేళ్ల కొనలతో పొడుపు) వరుసని ఎక్కువ చేయండి. వెనక కాలి మీద నిలబడి ముందు కాలితో తన్ని, మళ్లీ జెన్‌కుత్సులోకి దిగాలి, అక్కడే చాలామంది తూలుతారు. కాళ్లు వణకడం మొదలయ్యాక, అప్పుడు, కటా చేయండి. ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు చేసిన కటా మీకు ముందే వచ్చు. అలసిపోయి చేసిన కటాయే ఆ రోజు అక్కరకొస్తుంది.

వారానికోసారి, ఆదివారం అనుకోండి, మొత్తం టెస్ట్‌ని మొదటి నుంచి చివరిదాకా అదే వరుసలో చేసేయండి. టెస్ట్‌కి ముందు వారం మాత్రం వద్దు.

---

బ్రౌన్‌బెల్ట్_అమ్మ

మాస్టారూ, చాలా థాంక్స్ అండి. బెల్ట్ ముడి వీడియో ఇవాళే తీస్తాను. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదే ప్రాక్టీసు. ఎండాకాలం కదా, ఏడున్నర దాకా టైల్స్ మీద కాలు పెట్టలేం. కియాయ్ (దెబ్బతో పాటు వేసే కేక) గట్టిగా అరవాలంటే కింద ఫ్లాట్ వాళ్ల గురించి మొహమాటంగా ఉంటోంది. క్లాసులో అరుస్తాను, కానీ ఇక్కడ గొంతులోనే ఆగిపోతోంది.

హేయాన్లలో ఏది అడుగుతారో తెలియకపోవడం గురించి కూడా చెప్పగలరా?

---

మాస్టారు_కాకినాడ

కియాయ్ కోసం పొద్దున అరగంటలో ఏ పార్కుకో వెళ్లండమ్మా. ఎవరేమనుకున్నా పర్వాలేదు. కియాయ్ గొంతులోంచి కాదు, పొట్ట బిగిస్తే అదే వస్తుంది. హేయాన్ షోదాన్‌లో మూడో అగే ఉకె దగ్గర ఒకటి, మూడో ఓయ్ జుకి దగ్గర ఒకటి. ఈ రెండూ ఎగ్జామినర్ లేచి చూసేట్టుండాలి. పిల్లి కూతలాంటి కియాయ్‌తో ఎంత మంచి గుద్దు గుద్దినా అందులో కిమె (దెబ్బ చివర ఒళ్లంతా ఒక్కసారి బిగించే బలం) ఉన్నట్టు అనిపించదు.

హేయాన్ల గురించి: నేను ఎక్కువగా చూసిన తడబాటు నిదాన్‌కీ (రెండో హేయాన్) యోందాన్‌కీ (నాలుగోది) మధ్య. రెండూ ఎడమ వైపు తిరిగి కొకుత్సు దాచిలో, రెండు చేతులూ పైకెత్తి మొదలవుతాయి. నిదాన్‌లో పిడికిళ్లు బిగించి, వేగంగా. యోందాన్‌లో చేతులు తెరిచి, నిదానంగా. టెన్షన్‌లో ఉన్న మనిషి నిదాన్ మొదలుపెట్టి యోందాన్‌లోకి జారిపోతాడు. అందుకే ఎగ్జామినర్ పేరు చెప్పగానే కదలకండి. మీరూ ఆ పేరుని గట్టిగా తిరిగి చెప్పాలి, అది పద్ధతి కూడా. చెబుతూనే మొదటి కదలిక మనసులో చూసుకోండి. ఒక్క ఊపిరి తీసుకునేంత టైమ్ ఎవరైనా ఇస్తారు.

ఇంట్లో ప్రాక్టీసుకి చీటీలు రాసి గిన్నెలో వేయండి. పాపని తీయమనండి. అది ఏది తీస్తే అది. గోడ వైపు మొహం పెట్టి ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి. రోజూ ఒకే దిక్కున నిలబడి చేసేవాళ్లకి కొత్త హాల్లో దిక్కు మారగానే కటా మర్చిపోయినట్టు అవుతుంది. గోడనీ కిటికీనీ గుర్తుపెట్టుకుని చేస్తూ వచ్చారు కాబట్టి.

మధ్యలో ఆగిపోతే? వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టకండి. ఎగ్జామినర్ వైపు బిక్కమొహంతో చూడకండి. ఉన్న స్టాన్స్‌లోనే గట్టిగా నిలబడండి, చూపు ముందుకే. చాలాసార్లు తర్వాతి కదలిక దానంతటదే వచ్చేస్తుంది. రాకపోతే ఆయనే యామే (ఆపు) అంటారు, మళ్లీ చేయిస్తారు.

---

ఫిజియో_నెల్లూరు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మోకాలి గురించి ఒకట్రెండు మాటలు. చూడకుండా ఇది ఫలానా సమస్య అని చెప్పలేను. వాపు ఉన్నా, మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టు అనిపించినా, లాక్ అయి విడిపోతున్నా ముందు ఆర్థో డాక్టర్‌కి చూపించండి. టెస్ట్ వాయిదా వేసుకోవచ్చు, మోకాలిని వేసుకోలేం.

అలాంటివేం లేకపోతే కరాటే చేసేవాళ్లలో సాధారణంగా కనిపించేవి రెండు. ఒకటి, కిబా దాచిలోనూ జెన్‌కుత్సులోనూ మోకాలు లోపలికి పడిపోవడం. మోకాలి చిప్ప కాలివేళ్ల వైపే చూస్తుండాలి. అద్దం ముందు నిలబడి చూసుకోండి. పిరుదుల కండరాలు బలంగా లేకపోతే ఇలా పడుతుంది. పక్కకి పడుకుని కాలు పైకెత్తడం, రబ్బరు బ్యాండ్ తొడలకి వేసుకుని పక్కకి నడవడం, గోడకి ఆనుకుని కుర్చీలా కూర్చోవడం, మెట్టు మీద నుంచి ఒక కాలితో నెమ్మదిగా దిగడం, ఇవి రోజూ చేయండి.

రెండోది మవాషి గేరి, అంటే పక్క నుంచి గుండ్రంగా తిప్పి తన్నడం. తన్నే కాలు గురించే అందరూ ఆలోచిస్తారు, దెబ్బ తగిలేది నిలబడ్డ కాలికి. ఆ పాదం తిరగకుండా నేలకి అతుక్కుంటే మెలిక మొత్తం మోకాలి మీద పడుతుంది. మీరు ప్రాక్టీసు చేసేది టైల్స్ మీద, నున్నగా తిరుగుతుంది. టెస్ట్ జరిగేది రబ్బరు మ్యాట్ల మీద అయితే, చెమటకి పాదం అతుక్కుంటుంది. ఆ తేడా ముందే తెలుసుకోండి. టెస్ట్ హాలు నేల ఎలాంటిదో కనుక్కుని, కనీసం నాలుగైదు సార్లు అలాంటి నేల మీద తన్నండి.

చివరి వారంలో పని తగ్గించండి. గట్టిగా ఒళ్లు వంచిన నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. ముందు రోజు రాత్రి భయంతో మొత్తం సిలబస్ చేసేస్తే ఆ నొప్పితోనే టెస్ట్‌కి వెళ్తారు.

---

ఓరుగల్లు_నాన్న

ఈ చర్చ చదువుతుంటే నాకో డౌట్. మా బాబుకి తొమ్మిదేళ్లు. మా ఏరియాలో ఒక క్లాసు వాళ్లు రెండేళ్లలో బ్లాక్ బెల్ట్ అంటున్నారు. మూడు నెలలకో టెస్ట్, టెస్ట్‌కో ఫీజు, సర్టిఫికెట్, ఫొటో. ఇప్పటిదాకా ఎవరూ ఫెయిలైనట్టు వినలేదు. ఇక్కడేమో మేడమ్ గారు ఇన్నేళ్లు నేర్చుకుని కూడా ఇంత భయపడుతున్నారు. అసలు ఈ బెల్టులకి ఒక లెక్కా పత్రం ఉందా?

---

మాస్టారు_కాకినాడ

ఉందండీ. ఈ బెల్టుల పద్ధతి కరాటేలో పుట్టింది కాదు, జూడో నుంచి వచ్చింది. జూడో స్థాపకుడు జిగోరో కానో 1883లో తన ఇద్దరు శిష్యులకి మొదటిసారి షోదాన్ ఇచ్చారు. షోటోకాన్ స్థాపకుడు, ఒకినావాలో పుట్టిన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయారు. కానోతో ఆయనకి మంచి స్నేహం. అదే పద్ధతి తీసుకుని 1924లో కరాటేలో మొదటి దాన్‌లు (బ్లాక్ బెల్ట్ స్థాయిలు) ఇచ్చారు. అప్పట్లో రంగురంగుల బెల్టులు లేవు, అవి తర్వాత వచ్చాయి. ఎవరు ఎంత నేర్చుకున్నారో గురువుకీ పక్కవాడికీ తెలియడానికే ఇదంతా.

మీ బాబు విషయంలో ఒకటి చూడండి. ఆ క్లాసుకి వెళ్లి, గ్రీన్ బెల్ట్ పిల్లల్ని హేయాన్ షోదాన్ చేయమని అడగండి. అది మొదటి కటా, 21 కదలికలు. చివర్లో నాలుగు షుతో ఉకెలు కొకుత్సు దాచిలో వస్తాయి. అక్కడ వెనక కాలి మీద బరువు ఉందా, మోకాలు బయటికి ఉందా చూడండి. గ్రీన్ బెల్ట్ పిల్లాడు నిటారుగా నిలబడి చేతులు మాత్రమే ఊపుతుంటే ఆ క్లాసులో టెస్ట్ జరగట్లేదు, ఫీజు వసూలు జరుగుతోంది. ఇది నేను కోపంతోనే అంటున్నాను. ఆ పిల్లలు రేపు పోటీలకో వేరే డోజోకో (శిక్షణశాలకో) వెళ్లి తెల్ల బెల్టువాడి ముందు నిలబడలేక ఏడుస్తుంటే చూశాను. ఆ పిల్లల తప్పేముంది?

---

తెనాలి_నిదాన్

బ్రౌన్‌బెల్ట్ అమ్మ గారూ, నేనూ పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. మగవాళ్లెవరూ చెప్పని సంగతులు కొన్ని చెబుతాను.

మెట్టెలు తీసేయండి. చాలామంది టేప్ చుట్టుకుని వస్తారు, నేను దానికి ఒప్పుకోను. తన్నినప్పుడు వేలు ఎదుటివాళ్ల మోచేతికి తగిలి వాచిందంటే మెట్టె ఇక రాదు, కట్ చేయాల్సి వస్తుంది. మ్యాట్ల సందులో ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. ఎదుట నిలబడ్డ పిల్లకి గీసుకుపోతే అది ఇంకా బాధ. నల్లపూసలు, మంగళసూత్రం, గాజులు, చెవి దిద్దులు అన్నీ ఇంట్లోనే. మా అత్తయ్య గారు మొదట్లో నొచ్చుకున్నారు. ఒకరోజు క్లాసుకి తీసుకెళ్లి కుమితే చూపించాను. ఆ తర్వాత ఆవిడే నేను బయల్దేరేముందు చిన్న డబ్బీ తెచ్చి ఇస్తారు, అన్నీ అందులో పెట్టి బీరువాలో పెట్టుకుంటారు.

జుట్టుకి పిన్నులు, క్లిప్పులు వద్దు. రబ్బరు బ్యాండుతో గట్టిగా జడ వేసి ముడేయండి. డ్రెస్ లోపల తెల్ల టీషర్టు. టెస్ట్ కోసం కొత్త డ్రెస్ కొంటుంటే ముందు రెండు మూడు సార్లు ఉతకండి. గంజి పెట్టినట్టుండే కొత్త కాటన్ ప్యాంటు చెమటకి తొడలకి అతుక్కుని మే గేరి పైకి లేవనివ్వదు. గోళ్లు ముందు రోజే తీసుకోండి, కాలి గోళ్లు కూడా. నెలసరి ఆ రోజే వచ్చేట్టుంటే మీ మాస్టర్ గారికి చెప్పడానికి మొహమాటపడకండి. ఆయనకి చెప్పలేకపోతే సీనియర్ అమ్మాయి ఎవరికైనా చెప్పండి. మధ్యలో రెండు నిమిషాలు బయటికి వెళ్లాల్సి వస్తే అనుమతి సులువవుతుంది.

వయసు గురించి అసలు బాధపడకండి. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, నిప్పొన్ బుడోకాన్‌లో మహిళల కటా స్వర్ణం గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి సాండ్రా సాంచెజ్‌కి అప్పటికి 39 ఏళ్లు. ఫైనల్లో ఆవిడ ఎదుట ఉన్నది జపాన్‌కి చెందిన కియో షిమిజు, ఆవిడకంటే చాలా చిన్నది. ఆ ఫైనల్ వీడియో చూడండి, సాంచెజ్ ఆగిన ప్రతిచోటా ఎంత కదలకుండా ఆగారో చూడండి. ఫునకోషి గారు టోక్యోలో నేర్పడం మొదలుపెట్టింది కూడా యాభై దాటాకే.

---

క్యోకుషిన్_చెన్నై

మాది గుంటూరు, చెన్నైలో ఉద్యోగం. నాది క్యోకుషిన్. కొరియాలో పుట్టి జపాన్‌లో స్థిరపడిన మసుతత్సు ఒయామా స్థాపించిన శైలి ఇది. మాది ఫుల్ కాంటాక్ట్. చేత్తో ముఖం మీద కొట్టకూడదు, కాలితో తలకి తన్నొచ్చు. మా డోజోలో షోదాన్‌కి కిహోన్, కటా, పుషప్స్ అన్నీ అయ్యాక పదిమందితో వరసగా కుమితే. ఒకడు అయిపోగానే ఇంకొకడు, ప్రతివాడూ విశ్రాంతి తీసుకుని వస్తాడు. మీరు మాత్రం అదే మనిషి. ఒయామా పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వందమంది కుమితే ముందు ఇది చాలా చిన్నది, అయినా ఐదో మనిషి దాటాక చేతులు పైకి లేవవు.

మీ టెస్ట్ వేరు కానీ ఒక విషయం రెండింటికీ పనికొస్తుంది. ఆగిన ప్రతిసారీ ఊపిరి బయటికి వదలండి. అలసిపోయినవాడు ఊపిరి లోపలికి లాగుతూనే ఉంటాడు, వదలడు. భుజాలు చెవుల దాకా లేస్తాయి. యామే వినగానే నోటితో పూర్తిగా వదిలేయండి, లోపలికి అదే వస్తుంది. ఇది ప్రాక్టీసులో అలవాటు చేసుకోకపోతే టెస్ట్‌లో గుర్తుండదు. ఇంకోటి, మొదటి పది నిమిషాల్లోనే ఉన్న బలమంతా చూపించేయాలని ఆరాటపడకండి.

---

గుంటూరు_గోజు

చెన్నై అన్న చెప్పిన ఊపిరి విషయానికి నాదీ ఓటు. మా గోజు ర్యూ శైలిలో సాంచిన్ కటా మొత్తం దాని మీదే నడుస్తుంది. గురువు గారు చుట్టూ తిరుగుతూ భుజాల మీద, తొడల మీద అరచేత్తో చరుస్తూ బిగువు చూస్తారు. చూసేవాళ్లకి కొడుతున్నట్టే ఉంటుంది, ఊపిరి సరిగ్గా ఉంటే మాత్రం నొప్పే తెలియదు. మీ శైలిలో సాంచిన్ లేకపోయినా, కిబా దాచిలో నిలబడి నెమ్మదిగా ఊపిరి వదులుతూ టెక్కీ షోదాన్‌ని సగం వేగంతో చేయండి. తొడలకీ ఊపిరికీ ఒకేసారి పని.

---

వైజాగ్_వేవ్

ఒకటి అడగాలి. నేను ఇంతకుముందు నేర్చుకున్న చోట టెస్ట్ అయ్యేదాకా నీళ్లు తాగనివ్వలేదు. మే నెల, రేకుల షెడ్డు. తాగితే మనోబలం లేనట్టట. నా ముందు వరుసలో ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెని పక్కకి జరిపి టెస్ట్ కొనసాగించారు. ఆ తర్వాతే నేను డోజో మారాను. కఠినంగా ఉండటమంటే ఇదేనా?

---

ఫిజియో_నెల్లూరు

కాదు. ఇందులో రెండో అభిప్రాయానికి తావే లేదు. దాహం ఆపుకుంటే ఒంటికి అలవాటు కాదు, వడదెబ్బ తగులుతుంది. గాలి ఆడని షెడ్డులో, మందపాటి కాటన్ డ్రెస్‌లో ఇంకా త్వరగా. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మాట తడబడటం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే ఆపి, నీడలోకి తీసుకెళ్లి, బెల్టూ పైకోటూ విప్పి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

టెస్ట్ రోజు రెండు మూడు గంటల ముందు ఇడ్లీలో, రాగిజావో. అరగంట ముందు ఒక అరటిపండు. పూరీ, గారెలు వద్దు. ఓఆర్ఎస్ కలుపుకుంటే ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నే. చిక్కగా కలిపితే బలం ఎక్కువ రాదు, కడుపు తిప్పుతుంది.

---

మాస్టారు_కాకినాడ

తమ్ముడూ, డోజో మారి మంచి పని చేశావు. టెస్ట్ కఠినంగా ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు. అందరూ పాసయ్యే టెస్ట్‌కి నా విద్యార్థుల్ని నేనే పంపను. కానీ ఆ కఠినత్వం అడుగులో, పిడికిలిలో, మళ్లీ మళ్లీ చేయించడంలో ఉండాలి. నీళ్లు ఆపడానికీ కరాటేకీ సంబంధం లేదు. నీళ్లు తాగి వచ్చి యాభై మే గేరిలు తన్నమంటాను, అప్పుడు తెలుస్తుంది మనోబలం.

అమ్మా, కుమితే గురించి చెప్పడం మిగిలింది. జియూ ఇప్పొన్ అనే కుమితేలో దాడి చేసేవాళ్లు ముందే చెబుతారు, జోదాన్ (ముఖానికి) అనో, చూదాన్ (ఛాతీకి, పొట్టకి) అనో, మే గేరి (ముందుకు తన్ను) అనో. చెప్పి ఒకే ఒక్క దాడి. అందరూ తప్పించుకుని ఎదురు గుద్దడం గురించే ప్రాక్టీసు చేస్తారు. దాడికి కూడా మార్కులుంటాయి. ఎదుట ఉన్నది చిన్నపిల్ల అనో, స్నేహితురాలనో దూరంగా గుద్దితే ఆ అమ్మాయికి అడ్డుకునే అవకాశమే ఉండదు, ఇద్దరి మార్కులూ పోతాయి. అడ్డుకోకపోతే తగిలేంత దూరంలో గుద్దండి, తగిలేముందు ఆపగల అదుపుతో. ఎదురు దెబ్బ వేశాక వెంటనే చేతులు దించేయకండి, దూరం జరిగి చూపు నిలపండి.

---

బ్రౌన్‌బెల్ట్_అమ్మ

అందరికీ నమస్కారం. టెస్ట్ అయిపోయింది. పాసయ్యాను!!

వివరంగా రాస్తాను, నా తర్వాత వెళ్లేవాళ్లకి ఉపయోగపడుతుంది.

డాక్టర్‌కి చూపించాను. కండరాల బలహీనతే అన్నారు, నెల్లూరు వారు చెప్పిన వ్యాయామాలే ఇంచుమించు ఆయనా రాశారు. హాలు ఒక స్కూల్లో, రబ్బరు మ్యాట్లు. మా మాస్టర్ గారిని అడిగి ముందు వారం అక్కడే ఒక సాయంత్రం తన్ని చూశాం. నిజంగానే పాదం అతుక్కుపోయింది. మడమ కాస్త ఎత్తి తిప్పడం అక్కడే అలవాటు చేసుకున్నాను.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటి ఎదురైంది. మా ముందు బ్యాచ్‌లు చేస్తుంటే మమ్మల్ని సెయ్‌జాలో, మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. కాసేపటికి రెండు పాదాలూ మొద్దుబారాయి. తిమ్మిరెక్కిన కాళ్లతో లేచి వెంటనే కిహోన్ అంటే పడిపోవడం ఖాయం. చెయ్యెత్తి అడిగితే మఠం వేసుకుని కూర్చోమన్నారు. మా పేర్లు పిలవడానికి ముందు బ్యాచ్ వాళ్లు కటా చేస్తుండగా వెనక్కి వెళ్లి మడమలు ఎత్తి దించుతూ ఒళ్లు వేడి చేసుకున్నాం.

కిహోన్ చాలాసేపు సాగింది. సెన్సెయ్ లెక్క పెట్టడం మా మాస్టర్ గారిలా లేదు. ఇచ్, నీ (ఒకటి, రెండు) అని గబగబా రెండు అని, మూడో దానికి ఆగిపోయేవారు. ఆ ఆగిన చోట ముందే కదిలినవాళ్లని పేరు పెట్టి వెనక్కి పంపారు. స్టాన్స్‌లోనే ఉండి వినాలి, కాళ్లు మండిపోతుంటాయి. నా పక్కనున్న కాలేజీ అబ్బాయి తొడలు వణకడం ప్యాంటు గుడ్డ మీద కనిపిస్తోంది. నావీ అంతే. యామే అన్న ప్రతిసారీ ఊపిరి మొత్తం వదిలాను, చెన్నై వారికి దండాలు.

కటాకి నన్ను హేయాన్ యోందాన్ అడిగారు. పేరు తిరిగి చెప్పాను, తెరిచిన చేతులు కళ్ల ముందు కనిపించాయి, అప్పుడు మొదలుపెట్టాను. కిటికీ ఎటుందో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. తర్వాత బస్సాయ్ దాయ్. మొదటి దూకుడు అడుగు, కొసా దాచిలో (కాళ్లు ఒకదానికొకటి అడ్డంగా వేసే స్టాన్స్) దిగడం, నా ఒంట్లో మిగిలినదంతా దానికే పెట్టాను. కియాయ్ తర్వాత హాలు నిశ్శబ్దమైంది, గోడ దగ్గర కూర్చున్న పాప రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

కుమితేలో నాకంటే తల ఎత్తున్న ఇంటర్ అబ్బాయి వచ్చాడు. మొదటి చూదాన్ మెత్తగా, దూరంగా గుద్దాడు, ఆంటీ కదా అని. సెన్సెయ్ ఆపి, వాణ్ని మళ్లీ చేయమన్నారు. రెండోసారి నిజంగా వచ్చాడు. సోతో ఉకె (బయటి నుంచి లోపలికి అడ్డుకోవడం) వేసిన చోట మోచెయ్యి కింద ఇప్పటికీ నల్లగా కమిలి ఉంది. నా గ్యాకు జుకి (వెనక చేత్తో ఎదురు గుద్దు) వాడి బెల్ట్ ముడికి కాస్త పైన ఆగింది. సెన్సెయ్ తలూపారు. ఆ రోజు ఆయన నన్ను చూసి చేసిన ఒకే ఒక్క సైగ అది.

ముగ్గురిని మళ్లీ రమ్మన్నారు. అందులో ఒకమ్మాయి నాతో పాటే ప్రాక్టీసు చేసింది, కిహోన్‌లో మడమ లేస్తోందని చెప్పారట. ఆదివారాలు ఇద్దరం కలిసి చేద్దామనుకున్నాం, వీడియో కూడా తీసుకుంటున్నాం.

---

తెనాలి_నిదాన్

శుభాకాంక్షలు! కమిలిన చోట ఐస్ పెట్టండి. ఆ అమ్మాయిని వదలకండి, టెస్ట్ తిప్పి పంపితే చాలామంది ఆడపిల్లలు మానేస్తారు. పక్కన ఒకరుంటే మళ్లీ వెళ్తారు.

---

మాస్టారు_కాకినాడ

శభాష్ అమ్మా. సెయ్‌జా సంగతి మంచిది రాశావు, నేను చెప్పి ఉండాల్సింది. మడమ లేచే అమ్మాయికి చీలమండ బిగుసుకుని ఉండొచ్చు. గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ రెండు పూటలా చేయించు. అడుగు పొడవు కొంచెం తగ్గించినా పర్వాలేదు, మడమ మాత్రం నేల మీదే ఉండాలి.

---

ఓరుగల్లు_నాన్న

కంగ్రాట్స్ మేడమ్. మాస్టారు చెప్పినట్టే ఆ క్లాసుకి వెళ్లి గ్రీన్ బెల్ట్ పిల్లల హేయాన్ షోదాన్ చూశాను. కొకుత్సు దాచి అంటే ఏంటో పిల్లలకే తెలియదు. బాబుని హన్మకొండలో వేరే మాస్టర్ దగ్గర చేర్పించాను. మళ్లీ తెల్ల బెల్ట్ నుంచే అన్నారు. వాడు రెండు రోజులు అలిగాడు, ఇప్పుడు ఇంట్లో అద్దం ముందు నిలబడి మోకాలు చూసుకుంటున్నాడు.

---

గుంటూరు_గోజు

మేడమ్, చిన్న సందేహం. నాకూ మోకాలి సమస్య ఉంది. టెస్ట్‌లో మోకాలి స్లీవ్ వేసుకోనిచ్చారా?

---

బ్రౌన్‌బెల్ట్_అమ్మ

ఇచ్చారండీ. మా మాస్టర్ గారితో ముందే చెప్పించాను. బట్టతో చేసిన మామూలు స్లీవ్, ప్యాంటు లోపలే. పక్కన ఇనుప పట్టీలు ఉన్నవి మాత్రం కుమితేలో కుదరదన్నారు. మీ ఎగ్జామినర్‌ని ముందు రోజే అడిగేయండి.